వదిన కంచం

తినే మనిషి కంచంలోకి చూడకూడదంటారు, దిష్టి తగులుతుందని. నేను చూశాను. ఒక పూటా రెండు పూటలా కాదు, నెలల తరబడి. మా వదిన తిమ్మక్క ఏం తింటోంది, ఎంత తింటోంది, రెండోసారి గిన్నె వైపు చెయ్యి చాపుతోందా లేదా అని దొంగచూపులు చూస్తూనే ఉన్నాను. నా మొగుడి ప్రాణం ఆమె కంచంలో ఉంది మరి. సిగ్గుపడాల్సిన పనే, కానీ అప్పుడు సిగ్గుపడే తీరిక నాకు లేదు.

మా వదినను ధర్మవరంలో తెలియనివాళ్లు తక్కువ. రైల్వేస్టేషన్ దారిలో ఉగ్గాని బండి ఆమెదే. నానేసిన బొరుగుల్ని నీళ్లు కారేలా పిండి, ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయల తాలింపులో కలిపి, పైన పప్పులపొడి చల్లి, పక్కన రెండు మిరపకాయ బజ్జీలు పెట్టిస్తే రైలు దిగినవాడు ఇల్లు మరిచిపోతాడు. మనిషి భారీ, గొంతు ఇంకా భారీ. "ఏమప్పా, తింటావా, పొట్లం కట్టల్లా?" అని ఒక్క కేక వేస్తే ప్లాట్‌ఫారం మీదికి వినబడుతుంది. తిండి దగ్గర మొహమాటం ఆమెకు తెలియదు. ఎవరింటికి పోయినా, తిన్నావా అని అడిగితే తిన్నాను, మళ్లీ తింటాను అనే రకం. మొగుడు ఈరప్ప ఆటో తోలుతాడు, చీపురుపుల్ల మాదిరి ఉంటాడు. ఇద్దరూ కలిసి పోతుంటే ఆటో ఒకవైపుకు ఒరుగుతుందని వీధిలో ఎగతాళి చేసేవాళ్లు. అందరికన్నా ముందు ఆమే నవ్వేది. వాళ్లకు పిల్లల్లేరు.

మా ఆయన కేశవ ఆమెకు తమ్ముడు. ఎనిమిదేళ్లు చిన్న. చంకనెత్తుకుని తిప్పింది ఆమేనట. ఆయన పట్టుచీరలు నేస్తాడు, అంటే నేసేవాడు. బీపీ ఉందని తెలిసీ మాత్రలు మింగకుండా నాకేమవుతుందిలే అని తిరిగాడు. ఒకరోజు మగ్గం గుంతలోంచి లేవబోతే కాళ్లు ఉబ్బిపోయి లేవలేకపోయాడు. ఆస్పత్రికి పోతే కిడ్నీలు రెండూ పోయాయన్నారు. అప్పటి నుంచి వారానికి మూడుసార్లు అనంతపురం పోయి రక్తం శుభ్రం చేయించుకుని రావడం, వచ్చిన రోజంతా గోడవైపు తిరిగి పడుకోవడం. రోజుకు ఇన్ని నీళ్లే తాగాలని కొలత. మగ్గం నా పాలికి వచ్చింది. ఇంటరు చదువుతూ హాస్టల్లో ఉన్న మా కూతురు ఇంద్రాణికి సగం నిజమే చెప్పాం.

ఇలా ఎన్నాళ్లో సాగదు, కిడ్నీ మార్చాలి అన్నారు. నా రక్తం ఆయనకు పడదు. మా అత్త ఓబమ్మకు డెబ్బై దాటాయి. ఇక ఎవరు అని మేము నోరు తెరిచి అనుకోకముందే, బండి కట్టేసి వచ్చిన వదిన గడపలో నిలబడి, చేతికంటిన శెనగపిండిని కొంగుకు తుడుచుకుంటూ ఒక్కటే మాట అంది.

"నాది తీసుకోండి. నాకు రెండుండాయి గదా."

మా ఆయన గోడవైపు తిరిగి ఏడ్చాడు. నేను ఆమె చేతులు పట్టుకున్నాను. మా అత్త మాత్రం లేచి వంటింట్లోకి పోయింది. ముసలావిడ, కొడుకు బతుకుతాడని దేవుడికి దండం పెట్టుకోవడానికి పోయిందనుకున్నాను. మామ పోయినప్పటి నుంచి ఆమెకు కదిరి నరసింహస్వామే లోకం. నీచు, గుడ్డు ముట్టుకోదు, అవి వండిన పొయ్యి మీద తన వంట వండుకోదు.

బెంగళూరులో పరీక్షలన్నీ చేశారు. అన్నీ కుదిరాయి. కానీ డాక్టరు మా వదినను తూకం మిషన్ మీద నిలబెట్టి, తొంభైమూడు అని చూసి, తల అడ్డంగా ఊపాడు. ఇంత ఒంటితో కోత మంచిది కాదట. ఉన్న రెండింట్లో ఒకటి తీసేస్తే, మిగిలిన ఒక్కదాని మీద ఈ బరువంతా పడుతుందట. చక్కెర కూడా అంచు మీద ఉందన్నాడు. ఎనభైకి లోపల దిగితే అప్పుడు మాట్లాడదాం అన్నాడు. ఆపరేషన్ తేదీ చెప్తారని బ్యాగు సర్దుకుని పోయిన మేము, తిండి సంగతి చెప్పే డాక్టరమ్మ ముందు కూర్చున్నాం. చిన్న పిల్ల. కన్నడం కలిసిన తెలుగులో ఓపిగ్గా చెప్పింది. అన్నం మానెయ్యాలి, చక్కెర మానెయ్యాలి, ఇడ్లీ, దోసె, చపాతీ, బొరుగులు, పిండితో చేసినవన్నీ పక్కన పెట్టాలి. గుడ్లు, కూరలు, ఆకుకూరలు, కోడికూర, పెరుగు, గుప్పెడు శెనక్కాయలు తినాలి. వదిన బుద్ధిగా తలూపింది. రైల్లో మాత్రం, బొరుగులు అమ్మేదాన్ని బొరుగులు తినద్దంటే ఎట్ల అని నవ్వింది.

ఇంటికొచ్చి చెప్తే మా అత్త తేలిగ్గా ఊపిరి తీసుకుంది. అన్నం లేకపోతే పోనీ, రాగి సంగటి ఉండాది గదా అంది. నిజమే కదా అనిపించింది మా అందరికీ. మా సీమలో సంగటి అంటే తిండి కాదు, మందు. షుగరొచ్చినవాడికి సంగటి, కాలు విరిగినవాడికి సంగటి, బాలింతకు సంగటి. సంగటి తినొచ్చా అని డాక్టర్ను ఎవరైనా అడుగుతారా? నీళ్లు తాగొచ్చా అని అడిగినట్టు ఉంటుంది. మా ఇంట్లో నీళ్ల సంగతి కూడా డాక్టర్నే అడగాల్సి వస్తోందని ఆ క్షణంలో గుర్తు రాలేదు. రోగి కోరిందీ పాలే, వైద్యుడు చెప్పిందీ పాలే అని సంబరపడ్డాం.

ఆ నెల మా వదిన ఎంత నిష్ఠగా ఉందో చూడాలి. అన్నం మెతుకు ముట్టలేదు. టీలో చక్కెర మానేసింది. తన బండి మీద బజ్జీ తానే తినలేదు. పొద్దున రాగి అంబలి, మధ్యాహ్నం, రాత్రి మా ఇంటికి వచ్చి రెండేసి ముద్దలు. నూకలు వేసి ఉడికించి, పిండి పోసి గెలికి, మా అత్త చేతి సంగటి నున్నగా ఉంటుంది. అన్నం లేదు కదా అని ముద్ద కొంచెం పెద్దదే చేసేది. నేను కంచం వైపు చూసి, పాపం ఎంత కష్టపడుతోంది అనుకునేదాన్ని.

నెల తిరిగాక బెంగళూరులో తూచితే ఒక కిలో పెరిగింది.

డాక్టరమ్మ ఏమేం తింటున్నారో చెప్పమంది. వదిన గర్వంగానే చెప్పింది. ఆ పిల్ల వింటూ వింటూ పెన్ను కింద పెట్టింది. రాగులు మంచివే, కాదనను, కానీ అదీ పిండే కదమ్మా, పైగా నూకలు కలిపినది, అన్నం ఎంతో సంగటీ ఇప్పుడు మీకు అంతే, అది లోపలికి పోతున్నంత కాలం ఒళ్లు తన కొవ్వును ముట్టుకోదు అంది. నాకు ఒళ్లు మండిపోయింది. ఎవరి మీద మండాలో మాత్రం తెలియలేదు. వదిన మీదా? మెతుకు ముట్టని మనిషి మీదా? ఇంట్లో మనిషి కళ్లకింద నలుపెక్కుతుంటే ఒక నెల గాలిలో కలిసిపోయింది.

సంగటి కూడా వద్దన్నారని చెప్తే మా అత్త నమ్మలేదు. తన జన్మంతా సంగటే తిన్నానని, తనకు యాడ ఒళ్లు వచ్చిందో చూపించమని చేతులు చాపింది. ఎండు కట్టెల్లాంటి చేతులు.

ఆ తర్వాత మొదలైంది అసలు పత్యం. మొదటి వారం మా వదినకు తలనొప్పి, కాళ్లు లాగడం, చిరాకు. ఉప్పేసిన మజ్జిగ తాగితే కొంచెం నిలబడేది. బండి దగ్గర గిరాకీల మీద అరిచేది. ఉప్పు చూడాలన్నా నాలుక కొసకు పెట్టుకుని ఉమ్మేసేది. ఆ రోజుల్లో ఉగ్గాని ఒకనాడు కషాయం, ఒకనాడు చప్పిడి. ఏమక్కా, బొరుగుల్ని సముద్రంలో నానేసినావా అని స్టేషన్ మనిషి ఒకాయన అడిగితే, తినకపోతే పో అని పొట్లం లాక్కుందట. మెల్లగా ఒక కిటుకు కనిపెట్టింది. పొయ్యి వెలిగించకముందే మూడు గుడ్లూ, గిన్నెడు ఆకుకూరా కడుపులో వేసుకుంటే, కాగే నూనె వాసన అంతగా లాగదు. ఉగాదికి పప్పు, బెల్లం పూర్ణం పెట్టిన ఓళిగలు పంచిపెట్టింది గాని వేలు కూడా నాకలేదు. ఎవరింటికి పోయినా తినకపోతే అలుగుతారని పోవడమే మానుకుంది. మా వైపు సన్నబడడమంటే జబ్బు చేయడమే. ఏమైంది తిమ్మక్కా, షుగరా అని దారిన పోయేవాళ్లందరూ అడిగేవాళ్లు. చెప్పీ చెప్పీ విసుగొచ్చి, ఔను షుగరే, నీకేమన్నా కావల్లా అనేది.

బరువు దిగింది. తొంభై, ఎనభైతొమ్మిది, ఎనభైఏడు. దిగిన ప్రతిసారీ నాకు రాత్రి నిద్ర పట్టేది. దిగని వారం పట్టేది కాదు. ఆమె మా ఇంటికి వచ్చి కూర్చుంటే చాలు, నా చూపు ఆమె చేతి వెంటే పోయేది. శెనక్కాయలు గుప్పెడేనా, రెండు గుప్పెళ్లా? పెరుగులో ఏం కలిపింది? ఒకసారి మా ఆయన చూసి, ఆమె పోయాక గట్టిగానే అన్నాడు.

"మా యక్క కంచంలోకి చూడద్దు. నాకు సచ్చిపోయినంత సిగ్గు అయితాంది."

చూడకుండా ఎలా ఉండేది? సిగ్గు ఆయనది, భయం నాది.

ఎండలు ముదిరాయి. ఎనభైఆరు దగ్గర బరువు ఆగింది. ఒక్కోసారి అలా ఆగుతుంది, ఓపిక పట్టండి అంది డాక్టరమ్మ. పట్టాం. తర్వాతి వారం ఎనభైఏడయింది. ఆపైన ఇంకొంచెం. ఏమన్నా తింటున్నారా అని డాక్టరమ్మ ఫోనులో అడిగితే మా వదిన లేదు లేదు అంది గాని, నా వైపు చూడకుండా అంది. గట్టిగా అడగడానికి నోరు రాలేదు. ఆమె అవయవం ఆమెది. అప్పనంగా ఇస్తానంటున్న మనిషిని, నువ్వు దొంగతిండి తింటున్నావా అని ఏ ముఖంతో అడగను? మగ్గం మీద కూర్చుంటే చెయ్యి ఆడేది కాదు. జరీ అంచులో పోగులు తప్పేవి. జానెడు నేసి జానెడు విప్పేదాన్ని. ఒక చీర అలా ఎన్నిసార్లు విప్పానో, ఆ పట్టు కూడా నన్ను తిట్టుకుని ఉంటుంది.

ఒక పొద్దున మా ఆయనకు ఊపిరి ఆడలేదు. ముందురోజు ఎండకు తాళలేక, మేము చూడనప్పుడు కుండలో చెంబు ముంచుకుని తాగేశాడట. నీళ్లు ఊపిరితిత్తుల్లోకి చేరాయి. ఈరప్ప ఆటోలోనే అనంతపురం తీసుకుపోయాం. దారంతా ఆయన నోరు తెరుచుకుని నా చెయ్యి పిసుకుతూనే ఉన్నాడు. గండం గడిచింది. ఇంకొకసారి ఇలా అయితే నేను మాట ఇవ్వలేను, ఇచ్చే మనిషి ఉన్నారు కదా, ఎందుకు ఆలస్యం అని అక్కడి డాక్టరు అడిగాడు. ఎందుకని చెప్పను?

మరునాడు ఈరప్పను ఆయన దగ్గర కూర్చోబెట్టి, గుడ్డలు తెచ్చుకుందామని ధర్మవరం వచ్చాను. రైలు దిగేసరికి మధ్యాహ్నం. ఆ వేళ ఉగ్గాని బండి మూసి ఉంటుంది, వదిన దాని వెనక పట్టా కట్టిన నీడలో కాసేపు నడుం వాలుస్తుంది. తమ్ముడి సంగతి చెప్పిపోదామని పట్టా ఎత్తాను.

మా అత్త అక్కడ ఉంది. కింద చాప మీద కూర్చుని ఉంది. ఒడిలో టిఫిను గిన్నె. సంగటి, పైన నెయ్యి, పక్కన శెనక్కాయల పచ్చడి, ఊరిబిండి. ముద్ద చిదిమి, ఊరిబిండి అద్ది, యాభై ఏళ్ల కూతురి నోట్లో పెడుతోంది. మా వదిన కళ్లు మూసుకుని తింటోంది.

ఏం మాట్లాడానో, ఎంత గట్టిగా మాట్లాడానో సరిగ్గా గుర్తులేదు. అత్త అనీ చూడలేదు, పెద్దదనీ చూడలేదు.

"అత్తా, నిన్న నీ కొడుకు ఊపిరాడక పొయ్యేటోడు. వదిన తగ్గితేనే ఆయప్ప బతికేది. నీకు తెల్సు గదా. తెల్సీ తెల్సీ ఈ సంగటి ఏంది?"

ఆమె చేతిలో ముద్ద అలాగే ఉంది. తల వంచుకుంటుందనుకున్నాను. వంచుకోలేదు. నా కళ్లలోకి చూసింది.

"వాడు నా కొడుకే. ఇది నా కూతురు కాదా? ఇద్దర్నీ నేనే కన్నా గదమ్మా. ఒగరిని కోసి ఇంగొగరికి పెట్టల్లంటే యా తల్లి సరే అంటాది? వద్దంటే వాడు పోతాడు. సరే అంటే దీన్ని నేనే పండబెట్టి కోసినట్ల. ఏమనల్లో నాకు తెలీలే. ఇది తగ్గకపోతే ఎవురూ నన్ను అడగరు గదా అని సంగటి తెచ్చినా."

కక్కలేక మింగలేక ఇన్ని నెలలు ఆమె ఒక్కతే పొయ్యి ముందు కూర్చుని ఉందన్నమాట. ఆమెను నేను ఒక్కసారీ అడగలేదు, ఎవరూ అడగలేదు. నాకు కోపం చల్లారలేదు గాని, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక నిలబడిపోయాను. వదిన నోట్లో ముద్ద మింగి, నీళ్లు తాగి, నెమ్మదిగా అంది.

"తింటే దిగనని నాకూ తెల్సు హేమా. చిన్నప్పుడు మా యమ్మ సంగటి చేస్తే ముందర నాయనకు, ఆమీద తమ్మునికి. నాకు గిన్నె గీకి పెడతాండె. నాకొక్కదానికే వొండి, ఎండలో మోసకచ్చి, నోట్లో పెట్టేది ఈ నెల్లోనే చూసినా. వద్దని ఎట్ల అనేది చెప్పు."

పట్టా దించి ఇంటికి పోయి, గుడ్డలు మూట కట్టుకుని మళ్లీ అనంతపురం రైలెక్కాను. ఆయనకు ఏమీ చెప్పలేదు. చెప్తే ఈ కిడ్నీయే వద్దంటాడని నాకు తెలుసు.

ఆయన్ను ఇంటికి తెచ్చుకున్నాక వారం పాటు మా ఇంట్లో మాట లేదు. అత్త వండేది, నేను తినేదాన్ని, కంచాలు కడిగేదాన్ని. వదిన అటు తొంగిచూడలేదు. బండి దగ్గరికి పోదామని రోజూ చెప్పులేసుకునేదాన్ని, వీధి మలుపు దాకా పోయి వెనక్కి వచ్చేదాన్ని. పోయి ఏమని అడగాలి? మీ అమ్మ పెట్టింది తినద్దని అడగాలా? నా మొగుడి కోసం నీ తల్లిని వద్దనుకో అని అడగాలా? అడగకపోతే ఆయన పోతాడు. మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని ఊరికే కూర్చునేదాన్ని. మా ఆయన మంచం మీద నుంచి చూసి, ఏమైందని అడిగితే, పోగు తెగిందని అబద్ధం చెప్పాను.

ఆ వారం ఆఖర్న ఒక మధ్యాహ్నం మా వదినే వచ్చింది. తమ్ముణ్ణి పలకరించి, నేరుగా వంటింట్లోకి పోయింది. అత్త రాగులు చెరుగుతోంది. ఆమె ఎదురుగా చతికిలబడి కూర్చుంది. ఆ కేకలేసే గొంతు ఎక్కడికి పోయిందో, చాలా మెల్లగా మాట్లాడింది.

"అమ్మా, ఇంగ సంగటి తేవద్దు. తెచ్చినావంటే తింటా, నీ చేతిది నేను వద్దనలేను. తింటే తమ్ముడు పోతాడు. నాకు పెట్టల్లని నీకు ఉంటే, ఆ డాక్టరమ్మ చెప్పింది వొండు. గుడ్లు ఉడకబెట్టు, ఆకు చెయ్యి. నువ్వు వొండి తెచ్చిందే తింటా. నువ్వు వొండకపోతే నేను ఇచ్చేది నీకు ఇష్టం లేదనుకుంటా. ఇంగ ఆ మాట మీదనే ఉంటా."

తలుపు దగ్గర నిలబడి అంతా విన్నాను. ఆడబిడ్డ ఎంత పని చేసింది! ఇన్నాళ్లూ తల్లి తప్పించుకు తిరిగిన మాటను తెచ్చి ఆమె పొయ్యి మీదనే పెట్టింది. ఇప్పుడు నా మొగుడు బతకాలో వద్దో ఒక డెబ్బై ఏళ్ల మనిషి తేల్చాలి. అదీ గుడ్డు ముట్టని మనిషి. మా అత్త చేట కిందపెట్టి, నరసింహస్వామి పటం ముందుకు పోయి కూర్చుంది. వదిన కాసేపు చూసి వెళ్లిపోయింది. ఆ రాత్రి నేను కన్ను మూయలేదు.

తెల్లవారి మగ్గం దగ్గరున్నాను. వంటింట్లోంచి పిలిచింది. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, ఇంకో చేత్తో గిన్నెలోకి గరిటె చాపి, దూరంగా నిలబడి ఉంది. గిన్నెలో గుడ్లు. పక్కవీధి అంగడికి తనే పోయి తెచ్చిందట.

"హేమా, ఇవి ఎంతసేపు ఉడకల్ల?"

నేను వస్తానుండు అత్తా, నేను చేస్తాను అన్నాను. వద్దంది. ఎంతసేపో చెప్తే చాలంది. చెప్పి, మగ్గం దగ్గరికి వచ్చి, ఏడుపు ఆపుకోలేక దోసిట్లో ముఖం పెట్టుకున్నాను.

ఆ రోజు నుంచి పత్యం మా అత్త చేతిలోకి పోయింది. ఇక దాన్ని తప్పించడం దేవుడి తరం కూడా కాదు. పొద్దునే గుడ్లు ఉడకబెట్టి, స్నానం చేసి వచ్చి, తన వంట వేరే పొయ్యి మీద చేసుకునేది. బీరకాయ, వంకాయ, పాలకూర, తోటకూర, రోజుకొకటి. నూనె కరువు లేకుండా వేసేది, ఎర్రకారం దట్టించేది, సంగటి లేని లోటు తెలియకూడదని. శెనక్కాయలు తన గుప్పిటతో కొలిచేది. ఆ గుప్పిట చిన్నది కాబట్టి మా వదినకు రోజూ దాని మీదే గొడవ. ఎండలో గిన్నె పట్టుకుని పోయి, తినేదాకా ఎదురుగా కూర్చుని, ఖాళీ గిన్నె తెచ్చేది. ఈరప్ప ఆదివారం కోడికూర వండితే, అందులో ఉర్లగడ్డ దుంపలు వేశావా అని వాకిట్లో నిలబడి విచారించేది. వానలు పడ్డాక, ఆ చల్లగాలికి నోరు ఊరి, ఒకరోజు మా వదిన ఆగలేక నాలుగు బజ్జీలు తినేసింది. మరునాడు తనే తల్లికి చెప్పుకుంది. ఆమె తిట్టలేదు, ఆ పూట పెరుగు తగ్గించింది.

నేను ఆ కంచంలోకి చూడడం మానేశానా? మానలేదు. భయం ఒక్కసారి పట్టుకున్నాక అంత తొందరగా వదలదు. కాకపోతే ఇప్పుడు ఆ కంచంతో పాటు, పెట్టే చేతిని కూడా చూసేదాన్ని. సన్నటి చేయి. బరువు దిగే కొద్దీ మా వదిన బుగ్గలు జారాయి, జాకెట్లు రెండుసార్లు కుట్టు వేయించింది. కూతురు సన్నబడడం చూస్తూ రోజూ తానే పెట్టడం ఎలా ఉంటుందో, నేను అడగలేదు. అడిగే ధైర్యం రాలేదు.

దసరా ముందు తూకం మిషన్ డెబ్బైతొమ్మిదిన్నర చూపించింది. డాక్టరు మళ్లీ ఒకసారి ఎక్కించి చూశాడు. చక్కెర కూడా దిగింది. ఇక అధికారుల అనుమతి ఒకటే మిగిలింది. ఎవరూ బలవంతపెట్టలేదని, అమ్ముకోవడం లేదని ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి అడుగుతారట. మా అత్తను కూడా తీసుకుపోయాం. బెంగళూరు అంటే ఆమెకు అదే మొదటిసారి.

గదిలో బల్లకు అవతల ముగ్గురు కూర్చున్నారు. ఎవరైనా నిన్ను ఒత్తిడి చేశారా అని వదినను అడిగితే, నన్ను ఒత్తిడి చేసే మొగోడు ఇంగా పుట్లేదు సార్ అంది. పక్కనున్న ఈరప్ప ఔనన్నట్టు తలూపాడు. నన్ను అడిగారు, మా ఆయన్ను అడిగారు. అంతా అయిపోయి, లేవబోతూ, తెలుగొచ్చిన పెద్దాయన మర్యాదకన్నట్టు మా అత్త వైపు తిరిగాడు. మీ కూతురు ఇవ్వడం మీకు సమ్మతమేనా అమ్మా అన్నాడు.

ఆమె కూతురి వైపు చూసింది. ఆయన మళ్లీ అడిగాడు. మా ఆయన తల వంచుకున్నాడు. ముసలామె కాదంటే ఇదంతా ఆగిపోతుందా, ఆగదా, నాకు తెలియదు. ఆమె కుర్చీలోంచి లేచి నిలబడింది.

"సరే అని నా నోటితో నేను చెప్పలేను సారూ. అది నా కూతురు. కాని ఈ నాలుగు నెల్లూ దాని కూడు నేనే వొండి పెట్టినా. అది రాసుకోండి."

ఆయన కాగితం దగ్గరికి లాక్కుని రాసుకున్నాడు. మా అత్త పోయి కూతురి పక్కన కూర్చుంది.